పియానో ట్యూనరు చెవి

కలకత్తా వానాకాలం పియానోలకి అసలు పడదు. చెమ్మకి లోపలి సౌండ్‌బోర్డు చెక్క ఉబ్బి, తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. చలికాలం పొడిగాలికి మళ్లీ కిందికి జారుతుంది. 1915లో కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్ పుట్టిన ఈ ఊళ్లో హైడన్, మోజార్ట్ ఇప్పటికీ సవ్యంగా వినబడుతున్నారంటే సగం పుణ్యం ట్యూనరుదే. ఆయన సంచిలో పెద్ద సరంజామా ఏమీ ఉండదు. ఒక శ్రుతిదండం, మేకులు తిప్పే లివరు, పొడవాటి ఫెల్టు పట్టీ, అంతే. 88 మెట్లకి రెండు వందలు దాటిన తీగలు. పై స్వరాలకైతే మూడేసి. ఫెల్టు దూర్చి పక్క తీగల నోరు నొక్కేసి, మధ్యదాన్ని సరిచేసి, మిగతావి దానితో కలుపుతారు. కాస్త తేడా ఉన్నా నాదం అలలుగా ఊగుతుంది. ఆ ఊగు ఆగేదాకా లివరును వెంట్రుకవాసి కదుపుతారు. అయితే అన్నిచోట్లా ఆపకూడదు! స-ప జోడీలను పిసరంత తగ్గించి ఉంచితేనే పన్నెండు స్వరాలూ చుట్టి వచ్చేసరికి లెక్క కుదురుతుంది. తంబురాకి అలవాటుపడిన మన చెవికి ఇది అపచారమే, కానీ ఏ స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని వాయించినా చెల్లేది అందువల్లే. చివర్న మెట్లను గట్టిగా కొట్టి చూస్తారు, మేకు నిలవాలిగా. మోజార్ట్ సొనాటాలో స్వరాలు పలచన, తప్పు దాక్కోవడానికి చోటుండదు. కన్చెర్టో అయితే ఆర్కెస్ట్రా అంతా ట్యూనరు నిలిపిన శ్రుతికే కలుపుకోవాలి. వేదిక మీద పియానోను మార్చడం కుదరదు మరి.