జెంటిలే బెల్లినీ వ్రాసిన సుల్తాను చిత్తరువు

ప్రాచీనకావ్యములను బరిష్కరించు పండితులకు ప్రక్షిప్తముల చిక్కు క్రొత్తది కాదు. చిత్రపటములకును ఈ యాపద కలదు. లండను నేషనల్ గ్యాలరీ సొత్తైన రెండవ మహమ్మదు సుల్తాను చిత్తరువు ఇందుకు తార్కాణము.

వెనీసు రాజ్యమునకును తురుష్కులకును 1463 మొదలు జరిగిన యుద్ధము 1479లో సంధితో ముగిసెను. అంతట సుల్తాను మంచి చిత్రకారుని నొకనిఁ బంపుఁడని వెనీసు ప్రభువులను గోరెను. వారు తమ మహాసభాశాలలోఁ బని చేయుచుండిన జెంటిలే బెల్లినీని కాన్‌స్టాంటినోపిలునకుఁ బంపి, ఆ పనిని ఆతని తమ్ముఁడగు జొవాన్నీకి నప్పగించిరి. పటముపై 1480 నవంబరు 25 అను తేదీ కలదు. మఱుసటి మే నెలలోనే సుల్తాను గతించెను.

లేయర్డు దొర దీనిని 1865లో వెనీసునఁ గొనెను. 1916లో ఇది గ్యాలరీకిఁ జెందెను. పటము మిక్కిలి చెడినది. చెడినచోట్ల పరులు రంగులు పూసిరి. ముఖమున బెల్లినీ కుంచె యెంత, పరులది యెంత యని తేల్చుట దుష్కరము. కావున ఆ ముఖమునందలి పాలిపోయిన ఛాయను జూచి, సుల్తాను ఆసన్నమరణుఁడని చిత్రకారుఁడు సూచించెనని యూహించుట మనోహరమే కాని ప్రమాణము కాదు. ప్రక్షిప్తపద్యమును బట్టి కవి శీలమును నిర్ణయించుట వంటిదే యిది.

అట్లని పటమునంతయుఁ ద్రోసివేయఁదగదు. రంగు చెడినను కూర్పు చెడలేదు. చెక్కడపుఁ దోరణము, దాని ముందొక పిట్టగోడ, గోడపై రత్నములు కుట్టిన వస్త్రము, వెనుక ప్రక్కకు మరలిన ప్రభువు. తోరణమును గోడయు చూపఱిని దవ్వుగా నిలుపుచున్నవి. వస్త్ర మొక్కటియే ముందునకు వ్రేలాడుచు చేతి కందునట్లున్నది. పిట్టగోడ వెనుక మనుష్యుని నిలుపుట వెనీసు చిత్రకారుల యలవాటు. అన్యదేశపుఁ గొలువునకుఁ బోయియు బెల్లినీ దానిని విడువలేదు.

పైని ఇరుప్రక్కల మూఁడేసి కిరీటములు కలవు. వస్త్రముపైఁ గల కిరీటమును జేర్చి యేడుగా లెక్కించి, మహమ్మదు ఆ వంశమున నేడవ సుల్తాను గనుక ఇది వంశక్రమ సూచన యని కొందఱందురు. ఇది చమత్కారమైన వ్యాఖ్యయే. కాని బెల్లినీయే చేసిన సుల్తాను లోహముద్రిక వెనుకవైపున మూఁడు కిరీటములే యున్నవి. లోహమునకుఁ బైపూఁత యంటదు గావున ఈ సందర్భమున అది మేలైన ప్రతి. ఆ కాలముననే బెర్టోల్డో పోఁతపోసిన మఱియొక ముద్రికలో కిరీటధారిణులగు మువ్వురు స్త్రీలు గ్రీసు, ట్రెబిజోండు, ఆసియాలని పేర్లతోఁ జెక్కఁబడియున్నారు. ఈ రెంటిని జోడించి చూచిన, పటమునందలి మూఁడేసి కిరీటములు పూర్వులను గాక జయించిన రాజ్యములనే తెలుపుననుట యుక్తతరము.