పాత పుటలకు కొత్త వెల

పాత పరిశోధన పత్రికను స్కాన్ చేయడమంటే మీట నొక్కడమేననుకుంటారు. 1665లో మొదలైన లండన్ రాయల్ సొసైటీ పత్రిక ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ సంపుటాల ముందు ఆ మాట నిలవదు. పూర్తిగా తెరుచుకోని బైండింగు, మడత విప్పితేగాని కనిపించని పటాలు, ‘ఎఫ్’ అని భ్రమింపజేసే పాతకాలపు పొడుగు ‘ఎస్’... యంత్రం చదివినదాన్ని మనిషి మళ్లీ చదవాల్సిందే. రచయిత పేరు, సంపుటం, పుట సంఖ్య సరిగ్గా ఎక్కించకపోతే ఆ వ్యాసం ఉన్నా లేనట్టే. అందుకే ఇలాంటి స్కాన్ ప్రతులకు ధర పెట్టడం నాకు తప్పుగా తోచదు. కాపీరైటు తీరిపోయిన రాతల్ని అమ్మడమేమిటంటారా? న్యాయమైన ప్రశ్నే. రాతకు హక్కు తీరినా, దాన్ని వెతికితే దొరికేలా చేసినవాళ్లకు జీతాలివ్వాలి కదా! అయితే ఆ ఖర్చు చూపించి ఎల్లకాలం తాళం వేసి ఉంచుతామంటే మాత్రం ఒప్పుకోలేం. 2011లో రాయల్ సొసైటీయే 70 ఏళ్లు దాటిన వ్యాసాలను అందరికీ ఉచితంగా తెరిచింది.