రెండు తేడాల లెక్క

పరవాడలో మేడెక్కి చూస్తే సింహాద్రి థర్మల్ ప్లాంటు కూలింగ్ టవర్లు కంటికి అడ్డంగా నిలబడతాయి. నడుం దగ్గర సన్నబడి పైన విచ్చుకున్న ఆ కాంక్రీటు గోడల ఎత్తు 165 మీటర్లు. కుతుబ్ మినార్‌ని రెండుసార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా అంత ఎత్తు రాదు. కొత్తగా వచ్చిన చుట్టాలు దాన్లోంచి పొగ వస్తోందనుకుంటారు. పొగ వచ్చేది పక్కనున్న సన్నపాటి చిమ్నీల్లోంచి. టవర్ నోట్లోంచి లేచేది ఉత్త నీటి ఆవిరి.

ఆ టవర్లకీ, నా గదిలో బల్ల కింద గురగురమంటున్న కంప్యూటర్‌కీ ఉన్న చుట్టరికం నాకు పోయిన వేసవిలో తెలిసింది. నాది వీడియో ఎడిటింగ్ పని. రెండరింగ్ పెడితే ప్రాసెసర్ గంటల తరబడి 180 వాట్లు తాగుతుంది. అందుకని నీటి కూలింగ్ పెట్టించుకున్నాను. ప్రాసెసర్ మీద రాగి బ్లాకు, రెండు ఫ్యాన్ల రేడియేటర్, ఒక పంపు, చిన్న ట్యాంకు, వాటిని కలుపుతూ ట్యూబులు. మొదటి ఏడాది హాయిగా నడిచింది. పోయిన మే నెలలో ప్రాసెసర్ 84 డిగ్రీలు చూపించడం మొదలుపెట్టింది. ఫ్యాన్ల వేగం పెంచాను. పంపు వేగం పెంచాను. రొద పెరిగింది, వేడి అలాగే ఉంది.

అప్పుడే మా చిన్న మావయ్య ఇంటికొచ్చాడు. ఆయన ఉద్యోగమంతా థర్మల్ ప్లాంట్లలో, టర్బైన్ సైడ్. నేను తెర మీద 84 చూపించి మొర పెట్టుకుంటే ఒకటే అడిగాడు. "నీళ్ళెంతున్నాయిరా?"

"తెలీదు మావయ్యా, ప్రాసెసర్‌దే చూపిస్తుంది."

"మరి దేన్ని బాగుచేస్తావు? వేడి సూడకురా, తేడా సూడు. ఎక్కడ ఎంత తేడా ఉందో తెలిస్తే రోగం ఎక్కడుందో అదే సెబుతాది."

ఆ మాట వెనక థర్మల్ వాళ్ళ తరాల అలవాటుంది. బొగ్గు మండించి, ఆవిరి పుట్టించి, టర్బైన్ తిప్పాక ఆ ఆవిరిని మళ్ళీ నీళ్ళుగా మార్చాలి. ఆ పని కండెన్సర్‌ది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి నడుస్తుంటే, అది ఇచ్చే కరెంటు కంటే ఎక్కువ వేడే కండెన్సర్ గొట్టాల్లో పారే చల్లనీళ్ళలోకి పోతుంది. సింహాద్రిలో అలాంటి యూనిట్లు నాలుగు. మొదటి రెండూ 2002లో మొదలయ్యాయి. వాటిని చల్లార్చేది బంగాళాఖాతం నీళ్ళు. షిఫ్టులో ఉన్న మనిషి రీడింగులన్నీ లాగ్‌బుక్కులో రాస్తాడు, కానీ చూపు నిలిచేది తేడాల మీదే. కండెన్సర్‌లో ఆవిరి వేడికీ, బయటికొచ్చే నీళ్ళ వేడికీ మధ్య తేడాని వాళ్ళు టీటీడీ అంటారు. మనకి ఆ మూడక్షరాలు వినగానే తిరుమల మెదులుతుంది గానీ, టర్బైన్ హాల్లో వాటి అర్థం గొట్టాల శుభ్రత. అది పెరుగుతుంటే గొట్టాల్లో పాచి గానీ, ఉప్పు పొర గానీ పట్టిందనో, లోపలికి గాలి దూరిందనో అనుమానిస్తారు. టవర్ నుంచి దిగిన నీళ్ళకీ, గాలి ఇవ్వగలిగిన చల్లదనానికీ మధ్య తేడా పేరు అప్రోచ్. అది పెరిగితే తప్పు టవర్‌ది. ఏ తేడా పెరిగిందో చూసి ఎవరు రెంచీ పట్టుకుని ఎటు నడవాలో చెప్పేస్తారు.

మర్నాడు గాజువాక వెళ్ళి ట్యాంకుకి బిగించే చిన్న సెన్సార్ కొన్నాను. బిరడాలాగా ఉంటుంది, ధర కొన్ని వందలు. రెండరింగ్ పెట్టి అరగంట ఆగి చూస్తే గది 33, నీళ్ళు 47, ప్రాసెసర్ 84. అంటే గాలికీ నీళ్ళకీ మధ్య 14, నీళ్ళకీ చిప్పుకీ మధ్య 37. మొదటి తేడా రేడియేటర్‌ది. రెండోది బ్లాకుది, దాని కింద రాసిన పేస్టుది. రెండూ ఎక్కువే ఉన్నాయి.

మొదట రేడియేటర్ విప్పాను. ముందు జాలీ బూడిదరంగు దుప్పటి కప్పుకున్నట్టుంది. మన ఊళ్ళో దుమ్ము పొడిగా ఉండదు. లారీల రోడ్డు దుమ్ము సముద్రపు గాలిలోని తేమతో, ఉప్పుతో కలిసి రెక్కల మధ్య పిండిలా అతుక్కుంటుంది. ఊదితే పోదు. మెత్తటి పెయింటు బ్రష్షుతో రెక్కల వాలునే దువ్వి, తర్వాత గాలి కొట్టాలి. అడ్డంగా గీస్తే రెక్కలు వంగిపోతాయి. ఇంకో తప్పు కూడా దొరికింది. నా రేడియేటర్ కంప్యూటర్ పెట్టె పైభాగంలో ఉంది, గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడిగాలే దానిలోంచి పోతోంది. గది గాలి 33 అయినా రేడియేటర్‌కి అందేది అంతకంటే వేడి గాలి. దాన్ని ముందుకి మార్చి, బయటి గాలి నేరుగా తగిలేలా బిగించాను. 14 కాస్తా 9కి దిగింది.

బ్లాకు విప్పినప్పుడు మాత్రం నిజంగా బాధేసింది. రాగి పలక మీద వెంట్రుకల్లాంటి గాళ్ళుంటాయి, నీళ్ళు వాటి మధ్యనుంచే పారాలి. ఫోన్ లైటు వేసి చూస్తే మధ్య గాళ్ళన్నీ ఆకుపచ్చ జిగురుతో పూడిపోయాయి. తప్పు నాదే. నీళ్ళు తగ్గినప్పుడు ఒకటి రెండుసార్లు ఫిల్టర్ నీళ్ళు పోశాను. పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, వెనిగర్ కలిపిన నీళ్ళలో కాసేపు ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాక రాగి రంగు మళ్ళీ బయటపడింది. నికెల్ పూత ఉన్న బ్లాకుకైతే వెనిగర్ తగలనివ్వకూడదు. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, అందులో పాచి పట్టకుండా కలిపే మందు, అంతే. ఒక మాట గట్టిగా చెబుతాను. రాగి బ్లాకు ఉన్న చుట్టులో అల్యూమినియం రేడియేటర్ పెట్టకండి. నీళ్ళ సాక్షిగా రెండు లోహాలు బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి.

చిప్పుకీ బ్లాకుకీ మధ్య పాత పేస్టు ఎండి సున్నంలా రాలింది. కంటికి నున్నగా కనిపించే రెండు పలకల మధ్య కూడా సన్నటి గాలి పొర ఉంటుంది, గాలి వేడిని కదలనివ్వదు. 1980లో ఐబీఎం తన 3081 పెద్ద కంప్యూటర్‌లో ఆ ఖాళీని హీలియంతో నింపి, ఒక్కో చిప్పు మీద స్ప్రింగుతో నొక్కే పిస్టన్ పెట్టి, పైన నీళ్ళు పారించింది. మన పేస్టు చేసేదీ అదే పని. కొద్దిగా వేసి, మరలు నాలుగూ మూలమూలకీ మార్చి మార్చి సమంగా బిగించాలి. 37 కాస్తా 28 అయింది.

పంపు గురించి నాకున్న భ్రమ కూడా అప్పుడే పోయింది. నీళ్ళు వేగంగా పారితే చల్లబడిపోతుందనుకునేవాణ్ణి. నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే 180 వాట్ల వేడికి నీళ్ళు ఒక చుట్టులో పెరిగేది ముప్పావు డిగ్రీ లోపే. అందుకే రేడియేటర్, బ్లాకుల్లో ఏది ముందు, ఏది వెనక అన్న వరస కోసం ట్యూబులు మెలితిప్పి పెట్టక్కర్లేదు. చుట్టులో గాలి బుడగలు లేకుండా చూసుకోవడం ముఖ్యం. నీళ్ళు నింపాక పెట్టెని అటూ ఇటూ వాల్చి పట్టుకుంటే లోపల ఇరుక్కున్న గాలి గుడగుడమంటూ ట్యాంకులోకి వచ్చేస్తుంది.

ఇక ఐసు సంగతి. ట్యాంకులో ఐసు ప్యాకెట్లు వేస్తే పోదా అని నాకూ అనిపించింది, వేశాను కూడా. పది నిమిషాల్లో ట్యూబుల మీద చెమట పట్టి, ఒక చుక్క జారి గ్రాఫిక్స్ కార్డు అంచున వేలాడింది. పరుగున స్విచ్చి కట్టేశాను. గాలి 34 డిగ్రీలుండి తేమ 70 శాతముంటే, 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా గాలిలోని నీళ్ళు చెమ్మగా దిగుతాయి. మన తీరంలో గది గాలి కంటే బాగా చల్లని నీళ్ళు కంప్యూటర్‌కి ప్రమాదమే.

మన కుండకీ గాలిలోని తేమతోనే లెక్క. కుండ ఒంటి మీంచి నీళ్ళు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. వంద లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే మిగిలిన నీళ్ళు ఇంచుమించు 6 డిగ్రీలు దిగుతాయి. సింహాద్రి టవర్‌లో ఫ్యాన్లు లేకుండానే జరిగేదిదే. లోపల వేడెక్కిన తడిగాలి తేలికై పైకి లేస్తుంది, కిందనుంచి కొత్త గాలి దూసుకొస్తుంది. కానీ గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి అంత బాగా పుడుతుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉన్న అనంతపురం మధ్యాహ్నం, ఆవిరి పద్ధతిలో నీళ్ళు 22 డిగ్రీల దాకా దిగే వీలుంది. 34 డిగ్రీల పరవాడ ఉక్కపోతలో 29 దగ్గరే ఆగిపోతాయి. అక్కడ కూజా నీళ్ళు గొంతు జిల్లుమనిపిస్తాయి, వట్టివేళ్ళ తడికలు గదిని చల్లబరుస్తాయి. ఇక్కడ అదే కూజా ఒంటి మీద చెమట ఆరదు, మన ఒంటి మీద ఆరనట్టే.

కాబట్టి మనకి మిగిలిన మంచి దారి పొయ్యిలో మంట తగ్గించడం. చిప్పు వోల్టేజి 10 శాతం తగ్గిస్తే అది పుట్టించే వేడి దాదాపు 19 శాతం తగ్గుతుంది, ఎందుకంటే వేడి వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ గంటసేపు రెండర్ పెట్టి, కంప్యూటర్ ఆగిపోకుండా నడుస్తోందో లేదో చూసుకోవాలి. నా పని వేగంలో నాకు తేడా తెలియలేదు. రాత్రి పడుకున్నప్పుడు ఫ్యాన్ల మోత తగ్గడం మాత్రం ఇంట్లో అందరికీ తెలిసింది.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతానని ప్రకటించింది. లక్షల చిప్పులు ఇదే తేమ గాలిలో చల్లబడాలి. వాటిని చూసుకునే పనికి మన పిల్లలు వెళ్ళేటప్పుడు, థర్మల్‌లో రిటైరైన పెద్దవాళ్ళ దగ్గర ఒక సాయంత్రం కూర్చుని లాగ్‌బుక్కు చదవడం నేర్చుకుని వెళితే బాగుండునని నా కోరిక.

మావయ్య పోతూ పోతూ ఒక పాత డైరీ ఇచ్చిపోయాడు. గది, నీళ్ళు, చిప్పు, రెండు తేడాలు, ప్రతి పేజీకి అయిదు గళ్ళు. పోయిన జూన్‌లో మొదటి వరస: 33, 42, 70, 9, 28. దసరా వెళ్ళాక రాసిన వరసలో నాలుగో గడి 12 అయింది, అయిదోది 28 దగ్గరే ఉంది. బ్లాకు జోలికి పోలేదు. జాలీ తీసి, పెయింటు బ్రష్షు పట్టుకుని పెరట్లోకి నడిచాను.