ఒంటి ప్లీడరు డైరీలో ఆరో గడి

జూనియర్లు లేరు, ఉన్నది గుమాస్తా ఒక్కడే. అలాంటి ఒక జిల్లా కోర్టు ప్లీడరు గారు తన వాయిదాల డైరీ చూపించారు, కక్షిదారుల పేర్ల మీద కాగితం పెట్టి మరీ.

మామూలుగా ఇలాంటి డైరీల్లో ఐదు గళ్లుంటాయి: పాత వాయిదా, కేసు నంబరు, పార్టీలు, దేనికి వేశారు, మళ్లీ వాయిదా. ఈయన ఆరోది గీసుకున్నారు. అందులో ఆ రోజు పని బరువును చెప్పే ఒక అంకె. సమన్లు తిరిగి రావలసిన దావాకు సున్నా, కౌంటరు వేయాల్సిన మధ్యంతర దరఖాస్తుకు (ఐ.ఎ.) ఒకటి, సాక్షిని క్రాస్ చేయాల్సి ఉంటే నాలుగు. పేజీ అడుగున కూడిక. అది ఆరు దాటకూడదు. బెంచి మీద నుంచి తేదీ పడబోతుంటే ఈయన చూసేది ఆ కూడికే. బరువుగా ఉంటే అక్కడికక్కడే మరో తేదీ అడుగుతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సి.పి.సి.) ఆర్డర్ 17 ప్రకారం ప్లీడరు ఇంకో కోర్టులో ఉన్నాడన్నది వాయిదాకు కారణం కాదు కదా!

నన్ను కట్టిపడేసింది మాత్రం చెక్కు కేసుల పేజీలు. చెక్కు చెల్లలేదని బ్యాంకు తెలిపినప్పటి నుంచి 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజుల గడువు, ఆ గడువు తీరాక నెలలోగా ఫిర్యాదు. కేసు ఒప్పుకున్న రోజే నోటీసు గడువు రాసేస్తారు. నోటీసు అందినట్టు తెలియగానే మిగతా రెండు తేదీలూ వాటి వాటి పేజీల్లోకి ఎక్కుతాయి. ప్రతి గడువుకూ వారం ముందు పేజీలో ఒక హెచ్చరిక. ఇక సివిల్ దావాల గడువు వేసవి సెలవుల్లో ముగిసేదైతే, కోర్టు తెరిచిన రోజున దాఖలు చేసుకోవచ్చని లిమిటేషన్ చట్టం సెక్షన్ 4 చెబుతుంది. ఆ వెసులుబాటును నమ్ముకుంటే జూన్‌లో మొదటి పేజీ ఏమవుతుందో ఈయనకు తెలుసు. అందుకే ఏప్రిల్ చివర్లోనే వేసేస్తారు.

ఈ–కోర్ట్స్ యాప్ కూడా వాడతారు. అందులో కేసుకు ఉండే సి.ఎన్.ఆర్. నంబరు కొడితే తేదీ వస్తుంది, బరువు రాదు.

డైరీ చివర సాక్ష్యాల దశలో ఉన్న కేసుల పట్టీ ఉంది. అది నిండితే కొత్త వకాల్తా లేదు. వకాల్తా మీద సంతకం నిమిషం పని, దాన్నుంచి బయటపడాలంటే కోర్టు అనుమతి కావాలి. ‘నాకు రెండొందల కేసులు’ అని చెప్పుకోవడంలో ఏముంది? సమన్ల దశలో వంద ఉన్నా మోయొచ్చు, క్రాస్‌కు వచ్చినవి పది ఉంటే ఒంటి మనిషికి ఊపిరాడదు.

లోపం లేదనను. ఆ అంకెల అర్థం గుమాస్తాకు తెలియదు. ప్లీడరు గారికి జ్వరమొస్తే డైరీ మూగబోతుంది. ఒక పేజీ వివరణ రాసి అట్టకు అతికిస్తే సరిపోయేది.

మీరు వెళ్లినప్పుడు ఏ ప్లీడరైనా ‘ఇప్పుడు తీసుకోలేనండీ’ అంటే చిన్నబుచ్చుకోకండి. అలాంటి పనిమంతుడు మరెవరున్నారో ఆయన్నే అడగండి.