అమ్మమ్మ చెప్పని యుద్ధం

అటక మీది ట్రంకుపెట్టెలో ఓ పాత గుర్తింపు కార్డు. దాని మీది పేరు ఎవరిదో కన్నకొడుక్కే తెలియదు. క్రిస్టిన్ హానా 2015లో రాసిన ‘ది నైటింగేల్’ నవల 1995 నాటి అమెరికాలో ఇలా మొదలై, జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌కు వెళ్తుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి స్త్రీల మీద వచ్చే చారిత్రక నవలల్లో ఈ రెండు కాలాల అల్లిక ఇప్పుడు దాదాపు ఒక సంప్రదాయం. ఉత్కంఠ కోసం వాడే కిటుకని దీన్ని తీసిపారేయడం తేలిక. నా దృష్టిలో దాని విలువ వేరేచోట ఉంది. అమ్మమ్మ ఏం చేసిందన్నది సగం కథే. ఇన్నేళ్లూ ఇంట్లో ఆ మాట ఎందుకు రాలేదన్నది మిగతా సగం. నాటి అధ్యాయం చదివి నేటికి తిరిగొచ్చిన పాఠకుడికి, ఆమె పక్కనే కూర్చున్న కొడుక్కి తెలియనిది తెలిసి ఉంటుంది. ఇంట్లో పేరుకున్న మౌనం పాఠకుడికి అప్పుడు వినిపిస్తుంది.

ఆ మౌనాలన్నీ ఒక్క తీరువి కావు. ఇంగ్లండ్‌లో శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించిన బ్లెచ్లీ పార్క్‌లో 1945 నాటికి దాదాపు 9 వేలమంది పనిచేసేవారు. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. నోరు విప్పబోమని సంతకం పెట్టినవాళ్లు. 1974లో ఒక పుస్తకం గుట్టు బయటపెట్టేదాకా చాలామంది కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. హానా నవలకు ప్రేరణగా నిలిచిన బెల్జియం యువతి ఆండ్రే ద యోంగ్ సంగతి మరోలా ఉంది. విమానాలు కూలి చిక్కుకుపోయిన సైనికులను పిరనీస్ పర్వతాలు దాటించే రహస్య బృందాన్ని నడిపిన ఆమె 1943లో పట్టుబడి, నాయకురాలిని నేనేనని ఒప్పుకున్నా నాజీల రహస్య పోలీసులు గెస్టపో నమ్మలేదు. ఇక మన దగ్గర, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది 1986లో. పోరాటం ఆగింది 1951లో. ఆ ముప్పై అయిదేళ్లూ వాళ్ల నోటికి ఏ సంతకమూ అడ్డు లేదు. కూర్చోబెట్టి అడిగినవాళ్లే తక్కువ. ఒట్టు వేసి దాచినదీ, చెప్పినా నమ్మనిదీ, అడగక మరుగునపడినదీ ఒకటి కావు. ఆ తేడా పట్టుకోని నవల ఎన్ని తేదీలు సరిగ్గా వేసినా చరిత్రకు దూరమే.

కల్పన కలిస్తే నిజం పలచబడదా అని చరిత్రకారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బ్లెచ్లీ మీద 2021లో ‘ది రోజ్ కోడ్’ రాసిన కేట్ క్విన్ లాంటివాళ్లు పుస్తకం చివర ఏది జరిగిందో, ఏది తాము అల్లిందో విడదీసి చెబుతారు. ఆ నాలుగు పేజీలను నవలలో భాగంగానే చదవాలంటాను. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: ఈ నవలల్లో ప్రతి అమ్మమ్మా వీరనారే, గూఢచారే. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోలే ఉంది. బ్లెచ్లీ పనిలో అధికభాగం కార్డులు రాయడం, యంత్రాల రొద, రాత్రి డ్యూటీలు. సంకేతాలు ఛేదించే ‘బాంబ్’ యంత్రం ముందు ఎనిమిది గంటలు నిలబడిన అమ్మాయికి తాను విప్పడంలో సాయపడిన సందేశంలో ఏముందో ఎవరూ చెప్పలేదు. ఆమె మనవరాలికి ట్రంకుపెట్టెలో ఏమీ దొరకదు. ఆ ఖాళీ పెట్టెతో నవల మొదలుపెట్టే రచయిత కోసం ఎదురుచూస్తున్నాను.