వేటకుక్కకు నలభై తొమ్మిదవ రోజు

అమెరికా రచయిత రిచర్డ్ ఎ. వోల్టర్స్ 1961లో ప్రకటించిన ‘గన్ డాగ్’ పక్షుల వేటకు కుక్కలను తయారుచేసే విధానాన్ని తెలిపే గ్రంథం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇట్టి వేట నిషిద్ధం. అయినా ఈ పుస్తకం మనకు విచారణీయమే. ప్రయోగశాలలో తేలిన విషయం సామాన్యుని చేతికి వచ్చేసరికి ఎంత మేలు చేయగలదో, ఎక్కడ దారి తప్పగలదో ఇందులో కనబడుతుంది.

ముందుగా ఈ కుక్కల సంగతి. పాయింటర్, సెట్టర్ మొదలైన జాతుల కుక్క గడ్డిలో దాగిన కౌజుపిట్ట వాసన తగలగానే మీదికి దూకదు. ముక్కు, వెన్ను, తోక ఒకే వరుసలో చాచి, తరచు ఒక ముందుకాలు ఎత్తి, బొమ్మవలె నిలిచిపోతుంది. ఇది చాలవరకు పుట్టుకతో వచ్చిన గుణం. పాయింటర్ పిల్లలు మొదటిసారి బయటికి తీసుకొనిపోయినప్పుడే ఒక్కొక్కసారి ఇట్లు నిలబడతాయని డార్విన్ 1859లోనే వ్రాసినాడు. కనుక శిక్షకుడు ముఖ్యంగా నేర్పవలసింది నిలబడటం కాదు. యజమాని దగ్గరకు వచ్చేదాక, పక్షి ఎగిరినా తుపాకి పేలినా, కదలకుండా ఉండటం.

పూర్వపు శిక్షకులలో పలువురు ఇందుకై కుక్క బాగా ఎదిగేదాక ఆగేవారు. వోల్టర్స్ ఆ పద్ధతిని కాదన్నాడు. బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్ జరిపిన పరిశోధనలను ఆధారం చేసికొని, ఏడు వారాల పిల్లకే ఆటగా పాఠాలు మొదలుపెట్టమన్నాడు. ఇది ఈ గ్రంథంలోని గొప్ప సుగుణం.

లోపం కూడ ఇక్కడనే ఉన్నది. పిల్లను సరిగా 49వ రోజున ఇంటికి తేవలెనని ఆయన నియమం. కాని స్కాట్, ఫుల్లర్ 1965లో ప్రకటించిన గ్రంథం ప్రకారం, కుక్కపిల్ల మనుషులకు చేరువయ్యే కాలం సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం దాక ఉంటుంది. ఆరు, ఎనిమిది వారాల మధ్య అనుకూలం. ఇది క్రమంగా పెరిగి, క్రమంగా తగ్గే శక్తి. వరినారు ముదరకముందే నాటవలెనని మన రైతుకు తెలుసు. అంతమాత్రాన ఒక్క రోజు దాటితే పంట పోయినట్లేనని ఎవరూ అనుకోరు. 49 అనే అంకెను నమ్మినవాడు అరవైవ రోజున దొరికిన మంచి పిల్లను పనికిరాదని వదలివేయవచ్చు. మరొకడు ఆ రోజుకే తెచ్చినాను గదా అని తరువాతి వారాలలో దానిని పట్టించుకోకపోవచ్చు. రెండు విధాలా నష్టపోయేది కుక్కపిల్లే.

మరొక మాట. చేపల గాలపు కర్రకు పక్షిరెక్క కట్టి ఆడించి, పిల్ల నిలబడటాన్ని చూపడం ఈ పుస్తకంలో ఆకర్షణీయమైన భాగం. అయితే పిల్ల అక్కడ నిలిచేది కంటితో చూచి. పొలంలో నిలువవలసింది వాసన పట్టి. రెక్కను చూచి నిలిచినంతమాత్రాన దాని ముక్కు బలం తేలదు.

కుక్కలను పెంచేవారు ఈ గ్రంథంలోని ఓర్పును, తొలి వయసు పాఠాలను తప్పక గ్రహించవచ్చు. 49వ రోజును మాత్రం ముహూర్తంగా భావించనక్కరలేదు. శాస్త్రవేత్త వారాలలో చెప్పినదానిని ఒక రోజుగా కుదిస్తే పాఠకునికి గుర్తుంచుకోవటం సులభం కావచ్చు. కాని అది శాస్త్రం చెప్పిన మాట కాదు. శాస్త్రాన్ని సులభ శైలిలో వ్రాసే మనమందరం కూడ ఈ హెచ్చరికను గమనించవలసి ఉన్నది.