మాత్రలు తగ్గించే వరుస

శ్రీ సిటీ చుట్టూ సత్యవేడు, వరదయ్యపాళెం, తడ ఊళ్లలో వణుకుడు జబ్బుకు మందు వాడే పెద్దాయన ఒక సాయంత్రం "మంచం పక్కన పిల్లోళ్లు కూర్చోనుండారు" అన్నాడంటే ఇంట్లో చాలామంది గాలి సోకిందనుకుంటారు. కొందరు భయపడి మాత్రలన్నీ ఒక్కసారే ఆపేస్తారు. అదే మనిషిని తిరుపతి స్విమ్స్‌కో చెన్నైకో తీసుకెళ్తే నరాల డాక్టరు చేసే పని చూడాలి. అంత ఓపికైన పనితనం వైద్యంలో అరుదు.

వణుకుడు జబ్బైన పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతూ వస్తాయి. లెవోడోపా మాత్ర మెదడుకు చేరి డోపమైన్‌గా మారుతుంది. దానితో ఉండే కార్బిడోపా, ఆ మార్పు దారిలోనే జరిగిపోకుండా కాపాడుతుంది. చిక్కేమిటంటే, డోపమైన్ నడకను నడిపే భాగాలకే పరిమితం కాదు. చూపును, ఊహను, భయాన్ని నడిపే భాగాలకూ అందుతుంది. జబ్బు ఆ భాగాలను కూడా దెబ్బతీసి ఉంటుంది కాబట్టి లేనివి కనబడతాయి.

డాక్టరు ముందు మాత్రల జోలికి పోడు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, ఎండలకు ఒంట్లో నీరు తగ్గిందా, జలుబుకో నిద్రకో కొత్త మాత్ర వేశారా అని వెతుకుతాడు. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. ఇంట్లో దూలగొండి పొడి తింటున్నారా అని కూడా అడగాలి. ఆ గింజల్లో లెవోడోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు. పొడి తింటే అది లెక్కలో లేని డోసు.

ఇవేవీ కాకపోతే మాత్రలు తగ్గించడం మొదలవుతుంది. పందిరి విప్పేవాడు తక్కువ బరువు మోసే గుంజను ముందు తీసినట్టే ఇదీ. మొదట పోయేది ట్రైహెక్సిఫెనిడిల్. వణుకుకు అది చేసే మేలు కొంచెం, మతికి చేసే చేటు ఎక్కువ. తర్వాత సెలెజిలిన్, అమాంటడిన్. ఆపైన ప్రామిపెక్సోల్, రోపినిరోల్. వీటిలో దేన్నీ ఒక్క దెబ్బతో ఆపరు, మెల్లగా దించుతారు. ఈ చివరి రెండూ కొందరిలో జూదం, అతి కొనుగోళ్లు వంటి ఆపుకోలేని కోరికలూ రేపుతాయి. ఎంటకపోన్ ఆ తర్వాత. లెవోడోపాను అన్నిటికన్నా చివర ముట్టుకుంటారు, అదీ కొద్దికొద్దిగా. మేలుకు, చేటుకు నిష్పత్తి చూస్తే అన్నిటిలో మెరుగైంది అదే మరి. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి నడక ఎలా ఉందో, భ్రమలు తగ్గాయో లేదో చూస్తారు. "కనబడతాయి గానీ అవి నిజం కాదని నాకు తెలుసు" అనే మనిషికి తగ్గించడం ఆ మెట్టు దగ్గరే ఆపేయవచ్చు.

అప్పటికీ తగ్గకపోతే భ్రమలను అణచే మతి మందు కావాలి. ఇక్కడే పెద్ద ప్రమాదం. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటివి డోపమైన్ దారినే మూసేస్తాయి, మనిషి కొయ్యబారిపోతాడు. వాంతికి వేసే మెటోక్లోప్రమైడ్ కూడా ఆ జాతిదే. క్లోజపిన్ మాత్రం డోపమైన్ గ్రాహకాన్ని వదులుగా పట్టుకుని వెంటనే వదిలేస్తుంది. స్కిజోఫ్రీనియాకు వందల మిల్లీగ్రాములు వాడే మందిది. 1999లో అమెరికాలో 60 మంది పార్కిన్సన్స్ రోగులపై చేసిన పరీక్షలో 6.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి మించకుండా వాడారు. అంటే 25 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు ముక్కతో ఆరంభం. భ్రమలు తగ్గాయి, కదలిక చెడలేదు. ఎంత సున్నితమైన కొలత! అయితే ఈ మందు కొందరిలో తెల్ల రక్తకణాలను పడగొడుతుంది కాబట్టి మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. ఆ బాధ లేదని చాలామంది డాక్టర్లు క్వెటియాపిన్‌నే ముందు ఇస్తారు, దాని రుజువు మాత్రం బలహీనం. డోపమైన్‌ను అసలు ముట్టుకోని పిమావాన్సెరిన్‌కు 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది.

మీ ఇంట్లో ఎవరికైనా లేనివి కనబడుతుంటే దాచకండి. లెవోడోపాను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో ఉన్న ప్రతి మాత్రల షీటునూ, పొడి డబ్బాతో సహా, సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.